బీబీ కుడిచెయ్యి

రిపోర్టు చదవడం అయిపోయినా డాక్టర్ భాగ్యశ్రీ కాగితం మీంచి తల ఎత్తకపోయేసరికి బీబీకి సంగతి సగం అర్థమైపోయింది. ముప్ఫై అయిదేళ్లుగా తివాచీలు నేస్తున్న మనిషి ఆవిడ. సరుకులో లోపం కనిపించాక ఆ మాట ఎలా చెప్పాలా అని తటపటాయించే మొహాలు చాలానే చూసింది.

"చెప్పెయ్యండమ్మా. నేను గట్టిదాన్నే," అంది.

"చర్మానికొచ్చే క్యాన్సరండీ, బీబీగారూ."

పక్క కుర్చీలో ఉన్న కొడుకు ఫారూఖ్ ఎందుకో లేచి నిలబడి, మళ్లీ కూర్చున్నాడు. వెనక నిలబడ్డ కోడలు ముస్కాన్ అత్తగారి భుజం మీద చెయ్యి వేసింది. బీబీ మాత్రం బల్ల మీద పరిచి ఉన్న తన కుడిచేతిని చూసుకుంది. చేతి వెనకవైపు, చూపుడువేలి మొదట్లో, ఐదు రూపాయల బిళ్లంత ఎర్రటి మచ్చ. దాని మీద తెల్లటి పొట్టు. అది మొదలై మూడేళ్లయింది. మందులషాపులో అడిగితే తామరన్నారు, ఒక ట్యూబు ఇచ్చారు. రాసినన్నాళ్లు మచ్చ పాలిపోయేది, మానేస్తే మళ్లీ మొహం చూపించేది. పనిలో పడి పట్టించుకోలేదు బీబీ. పోయిన నెల్లో మాత్రం మచ్చ పగిలి, మగ్గం మీద ఉన్న తెల్ల ఉన్ని మీద రక్తపు బొట్టు పడింది. అది చూసింది ముస్కాన్. మర్నాడే పట్టుబట్టి అత్తగారిని ఏలూరులోనే ఉన్న ఈ చర్మం డాక్టరు దగ్గరికి లాక్కొచ్చింది. డాక్టరు చిన్న ముక్క కోసి పరీక్షకి పంపింది. ఆ ఫలితమే ఇది.

"భయపడాల్సిన మాటే గానీ బెంబేలెత్తాల్సింది కాదండీ," అంది డాక్టరు. "దీన్ని బోవెన్స్ డిసీజ్ అంటారు. ఇంకా చర్మం పై పొరలోనే ఉంది. కిందికి దిగలేదు. దిగకముందే దొరికింది."

"ఆపరేషన్ చెయ్యాలాండీ?" అడిగాడు ఫారూఖ్.

"చెయ్యొచ్చు. కానీ ఇక్కడ చర్మం బిగువుగా ఉంటుంది. కోసి తీసేస్తే తొడ మీంచి చర్మం తెచ్చి అతకాలి. వేలు కొంచెం బిగుసుకుపోవచ్చు. ఇంతకీ మీరేం పనిచేస్తారండీ?"

"ముడులు వేస్తానమ్మా," అంది బీబీ. "రోజుకి ఐదువేలు. బాగా సాగిన రోజున ఆరువేలు."

డాక్టరు ఆ వేలివైపు కాసేపు చూసింది. "అయితే క్రీముతో ప్రయత్నిద్దామండీ," అంది. "పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, నాలుగు వారాలు. కానీ ముందే ఒకటి చూపిస్తాను. చూశాక సరేనంటేనే రాసిస్తాను."

ఆవిడ తన ఫోన్‌లో నాలుగు ఫొటోలు చూపించింది. అవి వేరే ఎవరి కాలివో. మొదటి వారం ఫొటోలో మార్పేమీ లేదు. రెండో వారం ఎర్రగా కందింది. మూడో వారం ఫొటో చూసి ముస్కాన్ మొహం తిప్పుకుంది. పచ్చిపుండు. సలసల కాగే నూనె పడితే ఎలా ఉంటుందో అలా ఉంది. నాలుగో ఫొటోలో చర్మం నున్నగా, గులాబీరంగులో మెరుస్తోంది.

"మూడో వారం మీరు నన్ను తిట్టుకుంటారు," అంది డాక్టరు. "మంట పుడుతుంది, రసి కారుతుంది, పక్కు కడుతుంది. మందు పనిచేస్తోందని దానర్థం. ఆ వారమే చాలామంది ట్యూబు పారేస్తారు. జ్వరమొచ్చినా, చీము పట్టినా, చెయ్యంతా వాచినా నాకు వెంటనే ఫోన్ చెయ్యండి. మిగతాదంతా మామూలే. దూదిపుల్లతో పల్చగా రాయండి, రాశాక ఎడంచెయ్యి సబ్బుతో కడుక్కోండి, కంటికి తగలనివ్వకండి. ఎండ తగలనివ్వకండి. ఇంకో మాట. మానేదాకా ఆ చెయ్యి ఉన్నిని ముట్టుకోకూడదు. నూగు పుండులోకి పోతుంది, మందు ఉన్నికి అంటుతుంది."

అంతవరకూ రాయిలా కూర్చున్న బీబీ అప్పుడు చెయ్యి బల్ల మీంచి ఒళ్లోకి లాక్కుంది.

"మగ్గం మీద సగం తివాచీ ఉందమ్మా," అంది.

* * *

ఆ తివాచీ సంగతి చెప్పాలి. తాడేపల్లిగూడెంలో లక్ష్మీప్రసన్న అని ఒకావిడ కొత్త ఇల్లు కట్టుకుంటోంది. పుట్టింది కైకలూరు దగ్గర, కొల్లేటి గట్టు మీద. విజయవాడ ఎగ్జిబిషన్‌లో బీబీ నేసిన తివాచీ చూసి, అడ్రసు పట్టుకుని ఏలూరు వచ్చింది. "నాకు పువ్వులూ తీగలూ వద్దండీ. మా కొల్లేరు కావాలి. హాల్లో కాలుపెడితే నీళ్లు కనిపించాలి, గూడకొంగలు కనిపించాలి," అంది.

అలాంటిది వీధిలో ఎవరూ నెయ్యలేదు. ఒకప్పుడు తమ్మిలేరు ఒడ్డున ఆ వీధిలో ఇంటింటా మగ్గాలే. ఇప్పుడు మూడు మిగిలాయి. బీబీ కోడల్ని వెంటేసుకుని బస్సెక్కి కొల్లేటి ఒడ్డునున్న ఆటపాక వెళ్లి, పడవలో కూర్చుని రోజంతా పక్షుల్ని చూసింది. చెట్లనిండా బరువుగా వాలిన గూడకొంగలు, గొంతు కింద సంచి వేలాడేసుకుని, ఏదో పెద్దమనుషుల పంచాయతీలా కూర్చుని ఉన్నాయి. ఇంటికొచ్చి నెలరోజులు గళ్ల కాగితం మీద బొమ్మ గీసింది. ఒక్కో గడికి ఒక్కో ముడి. ఆరడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవు. మాఘమాసంలో గృహప్రవేశం. కింది సగం, అంటే నీళ్లూ కిక్కిస గడ్డీ, అయిపోయింది. ఇంకా ఆకాశమూ పక్షులూ మిగిలాయి. అసలైన పనంతా పై సగంలోనే ఉంది.

ఆస్పత్రి నుంచి వచ్చిన సాయంత్రం బీబీ మగ్గం ముందు చాలాసేపు నిలబడింది. తరవాత వెనక్కి తిరక్కుండానే పిలిచింది.

"ముస్కాన్, ఇలా వచ్చి కూర్చో."

ముస్కాన్ తాడేపల్లిగూడెం అమ్మాయి. బీకాం చదివింది. పెళ్లయి రెండేళ్లయింది. మగ్గం మీద కూర్చోవాలని ఆశ. కానీ అంచుల దగ్గర సాదా రంగు తప్ప మరేదీ అత్తగారు ముట్టనిచ్చేది కాదు. నీ ముడి వదులమ్మా, అనేది. అదే ముగింపు మాట.

"బొమ్మలోనా అత్తమ్మా?" అంది ముస్కాన్ నమ్మలేక.

"బొమ్మలోనే. నేను చెప్తాను, నువ్వు వెయ్యి. వదులుగా వేశావంటే విప్పిస్తాను."

* * *

క్రీము రాసుకోవడంలో బీబీకి మొదట ఎదురైన చిక్కు నొప్పి కాదు, నీళ్లు. రోజుకి ఐదుసార్లు నమాజు. నమాజుకి ముందు ప్రతిసారీ చేతులు మోచేతుల దాకా కడుక్కోవాలి. కడిగితే మందు పోతుంది. ఈ సంగతి ఎవరినడగాలో తోచక బావగారు అబ్దుల్ మజీద్‌నే అడిగింది. కాలం చేసిన ఆవిడ భర్తకి ఆయన అన్న, ఎదురింట్లోనే ఉంటాడు. డెబ్భై రెండేళ్ల వయసు. కళ్లు మందగించి మగ్గం వదిలేశాడు గానీ, వీధిలో ఏ తివాచీ దిగినా ముందు తడిమి చూసేది ఆయనే.

"అమ్మా బీబీ, గాయానికి పట్టీ కట్టుకున్నవాళ్లకి వీలుంది," అన్నాడు ఆయన. "పట్టీ మీద తడిచేత్తో ఒకసారి తుడుచుకుంటే చాలు. దేవుడు నీ చెయ్యి పాడుచేసుకోమనలేదు."

అప్పటినించి పొద్దుటి నమాజు కాగానే ఒకసారి, రాత్రి నమాజు కాగానే ఒకసారి రాసుకుని, మీద పల్చటి గాజుగుడ్డ కట్టుకునేది. మధ్యలో పట్టీ మీద తుడుచుకోవడమే.

మొదటి వారం ఏమీ జరగలేదు. బీబీ రోజూ పట్టీ విప్పి చూసుకుని, "ఇది మందేనా, వెన్నా?" అనేది.

జరిగిందంతా మగ్గం మీదే జరిగింది. ముస్కాన్ పక్కనే ముక్కాలిపీట వేసుకుని, కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎడంచేత్తో గళ్ల కాగితం పట్టుకుని రంగులు చదివేది బీబీ. "మూడు లేత నీలం, ఒకటి బూడిద, రెండు తెలుపు, మళ్లీ బూడిద." రెండు పడుగు దారాల చుట్టూ ఉన్ని తిప్పి, కిందికి లాగి, కత్తితో టక్కున తెంచాలి. వరస నిండాక పేక దారం దూర్చి ఇనప దువ్వెనతో కొట్టాలి. చెప్పడానికి ఇంతే. ముస్కాన్ వేళ్లకి అది రావడానికి ప్రాణం మీదికొచ్చింది. ఆకాశంలో మూడో వరసని తొమ్మిదిసార్లు విప్పించింది అత్తగారు. తొమ్మిదోసారి ఆ పిల్ల కొంగుతో కళ్లు తుడుచుకోవడం చూసి కూడా, "కత్తి తీసుకో. మళ్లీ వెయ్యి," అంది.

పదోసారి బీబీ ఎడంచేతి బొటనవేలితో వరస పొడవునా తడిమి, తరవాతి వరస చదవడం మొదలుపెట్టింది. ముస్కాన్ ఆ పూట అన్నం రెండుసార్లు వడ్డించుకుంది.

* * *

రెండో వారం చివర చెయ్యి ఎర్రబారింది. మూడో వారం మధ్యకొచ్చేసరికి డాక్టరు చెప్పిందంతా చెప్పినట్టు జరిగింది. కానీ ఫోన్‌లో ఎవరిదో కాలు చూడడం వేరు, తన చెయ్యే అలా మారితే చూసుకోవడం వేరు. మచ్చ ఉన్న చోట చర్మం లేచిపోయి పచ్చిమాంసంలా తయారైంది. చుట్టూ ఎర్రగా కందిపోయింది. గాలి తగిలినా భగ్గుమనేది. నీళ్ల గ్లాసు పట్టుకోవాలన్నా ఎడంచెయ్యే. ముద్ద కూడా కుడిచేత్తో కలుపుకోలేక చెంచాతో తినడం బీబీకి మరీ చిన్నతనంగా ఉండేది. అన్నిటికన్నా ఇబ్బంది ఏమిటంటే, అసలు మచ్చకి అవతల, మణికట్టు వైపు, అంతకుముందు ఏమీ లేని చోట కొత్తగా మూడు ఎర్రచుక్కలు లేచాయి.

అది చూసి మజీద్ నిర్ఘాంతపోయాడు.

"ఇది మందు కాదమ్మా, యాసిడ్!" అన్నాడు. "ఐదు రూపాయల బిళ్లంత మచ్చ పోగొట్టమంటే అరచేతంత పుండు చేశారు. ఏలూరులో నీలాంటి చెయ్యి ఇంకొకటి లేదు. దాన్నిలా కాల్చేసుకుంటావా? ఆపెయ్."

మర్నాడు ఆయనే మందులషాపుకి వెళ్లి పాత ట్యూబు తెచ్చిచ్చాడు. "ఇది రాస్తే కనీసం చల్లబడేది. మూడేళ్లు నిన్ను కాపాడింది ఇదే కదా."

బీబీ అది తీసుకుంది. ఆ రాత్రి క్రీము రాసుకోలేదు. మర్నాడు పొద్దున్నా రాసుకోలేదు. ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఒక్కతే వెనక వసారాలో కూర్చుని పాత ట్యూబు మూత తీసింది.

"చెత్తబుట్టలో దూదిపుల్లలు లేవేంటి అత్తమ్మా?"

గుమ్మంలో ముస్కాన్ నిలబడి ఉంది.

"నిన్న పొద్దుటివి తప్ప లేవు," అంది మళ్లీ. "రాసుకోవట్లేదు కదా మీరు."

బీబీ బుకాయించబోయి, ట్యూబు మూత మళ్లీ బిగించింది. "నొప్పి కాదే," అంది. "నొప్పికి నేను భయపడను. ఇది మళ్లీ చెయ్యిలా అవుతుందా అని. ఆ క్యాన్సరేదో అలాగే ఉన్నా నా పని నేను చేసుకునేదాన్ని కదా. ఇప్పుడు అదీ పోయి ఇదీ పోతే?"

ముస్కాన్ వచ్చి ఆవిడ ఎదురుగా గచ్చు మీద చతికిలబడింది.

"ఆకాశం మూడో వరస నాచేత ఎన్నిసార్లు విప్పించారు?"

"ఇప్పుడదెందుకు?"

"చెప్పండి."

"తొమ్మిదిసార్లు."

"తొమ్మిదోసారి ఏడ్చాను. చూశారు కూడా. అయినా లేవనివ్వలేదు మీరు. ఇవాళ మిమ్మల్ని నేనూ లేవనివ్వను." చెయ్యి చాపింది. "ఆ ట్యూబు ఇలా ఇవ్వండి. మీకంత అనుమానంగా ఉంటే సాయంత్రం డాక్టరుగారి దగ్గరికే వెళ్దాం. ఆవిడ ఆపమంటే ఆపుదాం. మనంతట మనం మాత్రం ఆపొద్దు."

ఇంత గట్టిగా కోడలు తనతో మాట్లాడడం బీబీ ఎప్పుడూ వినలేదు. కోపం రావాలి నిజానికి. రాలేదు. ట్యూబు ఆ పిల్ల చేతిలో పెట్టింది.

* * *

సాయంత్రం ముగ్గురు వెళ్లారు. మూడో మనిషి మజీద్. డాక్టరుని నాలుగు మాటలు అడగాలని తెల్లచొక్కా వేసుకుని మరీ బయల్దేరాడు.

డాక్టర్ భాగ్యశ్రీ పట్టీ విప్పి, లైటు దగ్గరికి లాక్కుని, భూతద్దం పెట్టి చూసింది. చూస్తున్నకొద్దీ ఆవిడ మొహం వెలిగింది.

"బ్రహ్మాండంగా పనిచేస్తోందండీ!" అంది.

మజీద్ అడగబోయిన నాలుగు మాటలూ పక్కనపెట్టి, భూతద్దంలోకి తనూ తొంగిచూశాడు.

"మరి ఈ చుక్కలమ్మా?" అంది బీబీ. "ఇవి ముందు లేవే?"

"ఉన్నాయండీ. మన కంటికి కనపడలేదంతే. ఈ మందు బాగున్న చర్మాన్ని పెద్దగా ఏమీ చెయ్యదు. చెడ్డ కణాలు ఎక్కడున్నాయో అక్కడ పట్టుకుంటుంది. మచ్చ చుట్టూ దాక్కున్నవి కూడా ఇప్పుడు బయటపడ్డాయి. ఆ రోజు కోసి ఉంటే, ఇవి మనకి తెలిసేవే కావు."

బీబీకి ఆ మాట ఎక్కడో సరిగ్గా తగిలింది. నేత అయ్యాక తివాచీ మీద నూగుని కత్తెరతో సమంగా కత్తిరిస్తారు. అంతవరకూ పైకి బాగానే ఉన్న చోట, కత్తెర పడగానే అడుగున ఉన్న తప్పుముడి బయటపడుతుంది. అలా బయటపడడం మంచిదే. పడకపోతేనే బెడద.

"మరి ఇదేం చేస్తుందండీ?" అని మజీద్ తను కొన్న ట్యూబు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. అది ముస్కాన్ ఆయనకి తిరిగి ఇచ్చేసింది మరి.

డాక్టరు దాని మీద అక్షరాలు చదివి నిట్టూర్చింది. "మూడేళ్లు జబ్బుని దాచిపెట్టింది ఇదేనండీ. పైన ఎరుపు తగ్గిస్తుంది, లోపలిది దాని పని అది చేసుకుంటూ పోతుంది. డాక్టరుకి చూపించకుండా ఇలాంటివి రాయకూడదు, పెద్దాయనా."

మజీద్ ట్యూబు వైపు చూశాడు, మరదలి చేతి వైపు చూశాడు. "నేను దీన్ని చల్లని మందనుకున్నానమ్మా," అన్నాడు మెల్లగా.

"రెండు పూటలు మానేశానంటున్నారు కాబట్టి, చేతి చర్మం మందం కాబట్టి, ఇంకో వారం కలుపుదాం," అంది డాక్టరు. "మొత్తం ఐదు వారాలు. మంట తట్టుకోలేకపోతే నొప్పి మాత్ర రాసిస్తాను. రెండు వారాలకోసారి వచ్చి చూపించండి. ఉంటారా?"

"ఉంటానమ్మా," అంది బీబీ. "వరస మధ్యలో లేచే అలవాటు మా ఇంట్లో లేదు." అని కోడలి వైపు చూడకుండా పట్టీ కట్టించుకుంది.

* * *

ఆ తరవాతి రెండు వారాలూ బీబీ జీవితంలో తేలికైనవేమీ కావు. చివరి రోజుల్లో పక్కు మందంగా, నల్లగా కట్టింది. కదిలిస్తే చీలి రసి కారేది. మందు ఆపేశాక కూడా నాలుగైదు రోజులు అలాగే మండింది. అదీ ముందే చెప్పింది డాక్టరు, మందు ఆగినా దాని పని వెంటనే ఆగదని. కానీ ఈసారి బీబీ పట్టీ విప్పి చూసుకుంటున్నప్పుడు ఆవిడ కళ్లలో బెదురు లేదు. "పని చెయ్యి, పని చెయ్యి," అని దాన్ని అదిలించేది, కూలిమనిషిని అదిలించినట్టు. ఎదురింటి అరుగు మీంచి మజీద్ రోజూ, "ఎన్నో రోజమ్మా ఇవాళ?" అని కేకేసేవాడు. ఆవిడ లెక్క చెప్పేది. ఆయన సెబాసనేవాడు.

ఈలోగా మగ్గం మీద పక్షులు వాలడం మొదలైంది. మొదటి గూడకొంగ కాళ్లు, తరవాత పొట్ట, తరవాత రెక్క. ముస్కాన్ వేళ్లు ఇప్పుడు చూడకుండానే దారం అందుకుంటున్నాయి. బీబీ చదవడం ఆలస్యమైతే, "ఊఁ, తరవాత?" అని ఆ పిల్లే తొందరపెట్టేది. గొంతు కింద సంచి దగ్గరికొచ్చాక మాత్రం ముస్కాన్ ఆగింది.

"అత్తమ్మా, ఇక్కడ మీరు పసుపు గీశారు."

"అవును. పసుపే."

"ఆ రోజు పడవలోంచి చూసినప్పుడు పసుపు కాదు. ఎండ వెనకనించి పడి, లేత గులాబీలా, మధ్యలో బూడిద గీతల్లా ఉంది. నాకు బాగా గుర్తు."

"కాగితం మీద ఉన్నది వెయ్యి," అంది బీబీ.

మజీద్ మధ్యాహ్నం కబురుపెడితే ఆవిడ ఎదురింటికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి సంచి సగం పూర్తయి ఉంది. లేత గులాబీ, మధ్యలో సన్నటి బూడిద చారలు. ముస్కాన్ కత్తి ఒళ్లో పెట్టుకుని, విప్పమంటే విప్పడానికి సిద్ధంగా కూర్చుంది.

బీబీ నాలుగడుగులు వెనక్కి వేసి చూసింది. గుమ్మం దాకా వెళ్లి అక్కణ్ణించి చూసింది. పక్షి గొంతులోంచి నిజంగానే ఎండ దూసుకొస్తోంది. తను ముప్ఫై అయిదేళ్లు నేసింది, ఇలాంటి రంగు తనకి తోచలేదు.

"మిగతా ఆరు పక్షులకీ ఇదే వెయ్యి," అంది. కష్టపడి అన్నట్టుగా, "బాగుంది," అని కలిపింది.

రెండేళ్లలో అత్తగారి నోట ఆ మాట వినడం ముస్కాన్‌కి అదే మొదలు. వెంటనే గులాబీరంగు ఉన్ని అందుకుంది.

* * *

డిసెంబరు మొదటివారంలో ఒకరోజు పొద్దున్నే బీబీ పట్టీ విప్పేసరికి ఆఖరి పక్కు దానంతటదే గాజుగుడ్డతో పాటు ఊడొచ్చింది. కింద కొత్త చర్మం. లేతగా, గులాబీగా, చంటిపిల్ల మడమలా ఉంది. ఆవిడ పిడికిలి బిగించింది, విప్పింది. చూపుడువేలు వంచింది. వేలు వంగింది. పూర్తిగా వంగింది.

"ముస్కాన్! ఫారూఖ్!" అని ఇల్లెగిరిపోయేలా అరిచింది. బ్రష్ నోట్లో పెట్టుకునే పరిగెత్తుకొచ్చాడు ఫారూఖ్. తల్లి చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఆ చేతిని తన చెంపకి ఆనించుకున్నాడు. ఆస్పత్రిలో లేచి నిలబడ్డ రోజునించీ వాడు ఒక్కసారి కూడా పైకి ఏడవలేదు. ఇప్పుడు ఏడ్చాడు, నోట్లో నురగతో సహా.

డాక్టరు చూసి ఇంకో పది రోజులు ఆగమంది, ఆపైన ఎండలోకి వెళ్తే చేతికి సన్‌స్క్రీన్ రాసుకోమంది. పదకొండో రోజున బీబీ మగ్గం ముందు కోడలి పక్కన కూర్చుంది. ఉన్ని అందుకుంది. తిప్పి, లాగి, తెంచింది. ముడి పడింది. మరొకటి. మరొకటి. వేళ్లు కొంచెం మొరాయించాయి, అంతే. వరస చివరికొచ్చేసరికి పాత వేగం సగం వచ్చేసింది. చూస్తే ముస్కాన్ తన సగం వరస అప్పటికే ముగించి, దువ్వెన పట్టుకుని ఎదురుచూస్తోంది.

"నాకోసం ఆగావా?" అంది బీబీ.

"ఎక్కువసేపేం కాదండీ," అంది ముస్కాన్ నవ్వాపుకుంటూ.

అక్కణ్ణించి ఇద్దరూ పోటీలు పడ్డారు. ఒకరు ఎడమనించి, ఒకరు కుడినించి. మధ్యలో కలుసుకున్న చోట ఏ ముడి ఎవరిదో మజీద్ తడిమి చెప్పలేకపోయాడు. రెండుసార్లు ప్రయత్నించి, రెండుసార్లూ తప్పు చెప్పాడు.

జనవరి నెలాఖరున తివాచీ దిగింది. మగ్గం మీంచి తివాచీ కోసే రోజంటే ఆ వీధికి పండగే. మిగిలిన రెండు మగ్గాల వాళ్లూ వచ్చారు, పనులు మానేసి మరీ వచ్చారు ఇరుగుపొరుగు. మజీద్ మిఠాయి తెచ్చాడు. పడుగు దారాలు కోసే పెద్ద కత్తెర ఎప్పుడూ ఇంటి పెద్ద చేతిలోనే ఉంటుంది. బీబీ దాన్ని అందుకుని, ఒక చివర మూడు దారాలు కోసి, కోడలి చేతికిచ్చింది.

"మిగతావి నువ్వు కొయ్యి. ఆకాశం నీది."

దారాలు ఒక్కొక్కటే తెగుతుంటే కొల్లేరు మెల్లమెల్లగా మగ్గం మీంచి జారి, ఆడవాళ్ల చేతుల్లోకి వాలింది. నడివీధిలో పరిచారు. ఎవరో ఈల వేశారు.

* * *

మందు ఆపిన మూడు నెలలకి, ఫిబ్రవరిలో, డాక్టర్ భాగ్యశ్రీ చేతిని మళ్లీ భూతద్దం కింద పెట్టింది. అసలు మచ్చ ఉన్నచోట చర్మం ఒక ఛాయ తెల్లగా ఉంది. దాని అంచున రవ్వంత గరుకు తగిలితే, దేనికైనా మంచిదని అక్కణ్ణించి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపింది. ఆ వారం రోజులూ బీబీ బాగానే తింది, బాగానే పడుకుంది. నిద్రల్లేనిది ఫారూఖ్‌కీ ముస్కాన్‌కీ, ఎదురింటి మజీద్‌కీ.

రిపోర్టు వచ్చిన రోజు డాక్టరు కాగితం చదువుతూనే తలెత్తి నవ్వింది.

"ఏమీ లేదండీ. శుభ్రంగా ఉంది. ఆరునెలలకోసారి వచ్చి చూపించుకోండి. కొత్తగా మచ్చ ఏది కనబడినా మందులషాపుకి కాదు, నా దగ్గరికి రావాలి."

"వస్తానమ్మా," అంది బీబీ. అని ఆ కుడిచేత్తోనే డాక్టరు చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపింది. డాక్టరు నవ్వుతూ, "అబ్బ, పట్టు బాగా వచ్చిందండీ," అని వేళ్లు విదిలించుకుంది.

ఆ ఆదివారమే గృహప్రవేశం. ఫారూఖ్ వ్యాన్ మాట్లాడాడు. తాడేపల్లిగూడెంలో కొత్త ఇంటి హాల్లో తివాచీ పరిచేసరికి చుట్టాలంతా చుట్టూ మూగారు. కింద నీళ్లు, కిక్కిస గడ్డి, పైన లేత ఆకాశం, ఏడు గూడకొంగలు. లక్ష్మీప్రసన్న అంచు దగ్గర వంగి ఆ నీళ్లని చేత్తో తడిమింది.

"మా నాన్నగారు నన్ను పడవలో తిప్పేవారండీ," అంది. "ఇదిగో, సరిగ్గా ఈ వెలుగే."

ఒక్కరూ దాని మీద అడుగు పెట్టలేదు. పాదాలు అంచు దాకా తెచ్చి ఆపేస్తున్నారు. "గోడకి తగిలించుకోవాలి గానీ తొక్కడానికి మనసెలా ఒప్పుతుందండీ?" అంది లక్ష్మీప్రసన్న అత్తగారు.

"అలా అనకండి," అంది బీబీ. "తొక్కడానికే నేశాం. ఎంత తొక్కితే అంత మెత్తబడుతుంది, అంత నిగ్గు తేలుతుంది. రండి."

చెప్పులు విప్పి తనే మొదట నడిచింది. కొల్లేటి మీద ఈ ఒడ్డునించి ఆ ఒడ్డుకి, తలెత్తుకుని, తొమ్మిదడుగులూ నడిచింది. వెనకాల ముస్కాన్ నడిచింది. ఆ వెనక ఇంటివాళ్లంతా.

భోజనాల దగ్గర లక్ష్మీప్రసన్న ఆడపడుచు వచ్చి బీబీ పక్కన చేరింది. తమ ఇంటికీ ఒకటి కావాలంది, ఈసారి కొబ్బరితోటలతో. "ఎన్నాళ్లు పడుతుందండీ?" అని అడిగింది.

బీబీ నోటిలో ముద్ద ఉంది. ఏడు నెలలని చెప్పాలనుకుని మింగే లోపల ముస్కాన్ అందుకుంది.

"ఇద్దరం కూర్చుంటాం కాబట్టి ఐదు నెలలు చాలండీ."

బీబీ కోడలి వైపు ఒకసారి చూసింది. తరవాత, కుడిచేత్తో పప్పన్నం కలుపుకుంటూ, "ఐదు నెలలు చాలు," అంది.